దారి అడగక తప్పని దీవి

మారోవిండ్ ప్రయాణం ఖైదీల ఓడలో మొదలవుతుంది. పక్కనున్న ఖైదీ మన పేరు అడుగుతాడు. కాపలావాడు మెట్లెక్కించి పైకి పంపుతాడు. సేడా నీన్ అనే చిన్న రేవు ఊళ్ళో, సుంకాల కచేరీలో ఒక ముసలి గుమాస్తా వృత్తి, పుట్టిన రాశి అడిగి రాసుకొని విడుదల కాగితాలు ఇస్తాడు. ఎందుకు పట్టుకున్నారో, ఇప్పుడెందుకు వదిలేస్తున్నారో చెప్పే నాథుడు ఉండడు. బాల్మోరా అనే ఊరికి వెళ్ళి కయస్ కొసేడిస్ అనే మనిషికి ఒక పొట్లం అందించాలి, చెప్పింది అంతే. తలుపు తీస్తే ఎదురుగా బురదనేల, దాని మీద పొగమంచు, చెట్లతో పోటీపడి పెరిగిన పుట్టగొడుగులు, ఊరి వెనక ఇళ్ళ కప్పులను మించి నిలబడి మూలుగుతున్న ఒక బ్రహ్మాండమైన పురుగు. పటంలో ఏ గుర్తూ వెలగదు. ఏ బాణమూ దారి చూపదు. బెథెస్డా సంస్థ 2002 మేలో విడుదల చేసిన ఈ ఓపెన్ వరల్డ్ ఆట కొత్తగా వచ్చినవాణ్ణి పలకరించే తీరు ఇది.

ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో ఇది మూడో ఆట. 1996లో వచ్చిన రెండో ఆట డాగర్‌ఫాల్‌లో నేలను చాలా మటుకు కంప్యూటర్ లెక్కలే పుట్టించాయి. విస్తీర్ణం చూస్తే ఒక దేశమంత, కానీ ఒక ఊరికీ ఇంకో ఊరికీ పెద్ద తేడా కనపడదు. మారోవిండ్ దగ్గరికి వచ్చేసరికి వార్డెన్‌ఫెల్ అనే ఒక్క దీవిని తీసుకొని కొండలూ గుహలూ ఊళ్ళూ మనుషులు చేత్తో పేర్చారు. మొత్తం సుమారు 24 చదరపు కిలోమీటర్లు. ఇందులో లోపాలు కోకొల్లలు, ఆడినవాళ్ళెవరూ కాదనరు. అయినా మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లోపాలున్నా బాగుంది అని సరిపెట్టుకుంటే ఈ ఆట గురించి ఏమీ చెప్పనట్టే. ఇక్కడి ఇబ్బందులు రెండు రకాలు. నేలను చూడమనీ, ఎదుటివాళ్ళ మాట వినమనీ బలవంతపెట్టేవి ఒక రకం. దీవి దీవిలా అనిపించేది వాటి వల్లే. చూడనివ్వకుండా, విననివ్వకుండా అడ్డుపడేవి రెండో రకం. వాటిని ఎంత అభిమానంతోనైనా వెనకేసుకురావడం తప్పు. దారి పొడవునా ఈ రెండింటినీ విడదీసి చూడడమే నా ప్రయత్నం.

ఊరి వెనక నిలబడ్డ ఆ పురుగు పేరు సిల్ట్ స్ట్రైడర్. ఈ దీవికి అదే బస్సు. సన్నని పొడవాటి కాళ్ళు, వీపు మీది డొల్లను తొలిచి చేసిన కూర్చునే చోటు. నడిపేవాడి చేతిలో కళ్ళెం ఉండదు. తొలిచిన చోట బయటపడ్డ లోపలి అవయవాలను చేత్తో కదిలిస్తూ దాన్ని నడుపుతాడు. ఈ సంగతి తెలిశాక ఆ మూలుగు వేరేలా వినిపిస్తుంది. ఇంత ఊహించి కట్టినవాళ్ళు ఆ జంతువును ఒక్క అడుగైనా నడిపించలేదన్నది మాత్రం పెద్ద లోటు. డబ్బు ఇవ్వగానే తెర నల్లబడుతుంది, గంటలు గడిచిపోతాయి, ఇంకో ఊళ్ళో దిగుతాం. దాని వీపు మీంచి దీవిని చూసే అదృష్టం ఎవరికీ దక్కదు. అయినా ఈ ఏర్పాటులో ఒక నిజాయితీ ఉంది. స్ట్రైడర్ కొన్ని ఊళ్ళకే పోతుంది, పడవ రేవులకే పోతుంది, మంత్రవేత్తల సంఘం తన మఠాల మధ్యే మనిషిని మాయం చేసి పంపుతుంది. మిగిలింది చాలా మటుకు కాలినడకే. 2006లో ఇదే సంస్థ తెచ్చిన ఆబ్లివియన్‌లో పటం మీద తెలిసిన చోటును నొక్కితే చాలు, అక్కడ ఉంటాం. ఆ సౌకర్యం వచ్చాక చేరాల్సిన చోట్లు మిగిలాయి, మధ్యలోని నేల మరుగున పడింది. వార్డెన్‌ఫెల్‌లో ప్రయాణ సాధనాలను గొలుసులా కలుపుకొని, ఏ ఊళ్ళో ఏది మారాలో గుర్తుపెట్టుకోవాలి. ఆ గుర్తుపెట్టుకోవడంలోనే దీవి రూపం మెల్లగా మనసులో గీసుకుంటుంది.

సేడా నీన్ దాటి ఉత్తరంగా నడిచేవాడికి తొందర్లోనే ఒక కేక వినపడుతుంది. పైనుంచి ఒక మనిషి దబ్బున వచ్చి దారి మీద పడి చనిపోతాడు. అతని పేరు టార్హియెల్. దగ్గర ఒక పుస్తకం, మూడు మంత్రపు చుట్టలు ఉంటాయి. ఆ చుట్ట చదివినవాడికి కొన్ని క్షణాలపాటు ఎగిరి దూకే శక్తి వెయ్యి పాళ్ళు పెరుగుతుంది. కిందికి దిగే సంగతి మాత్రం అతను ఆలోచించలేదని పుస్తకం చదివితే అర్థమవుతుంది. ఆ చుట్టలు ఇప్పుడు మనవి. వాడొద్దని ఎవరూ అడ్డుపడరు. ఒకటి చదివి దూకితే దీవి సగం కాళ్ళ కింద దొర్లిపోతుంది. నేలను తాకేలోపు రెండోది చదవకపోతే అతని గతే మనకూ పడుతుంది. ఎవరూ పాఠం చెప్పకుండానే ఈ దీవి నియమం తెలిసిపోయే చోటు ఇది. ఇక్కడ జరిగేది నిజంగా జరుగుతుంది, దాని ఫలితం అనుభవించేవాళ్ళం మనమే. కొత్తవాణ్ణి చెయ్యి పట్టుకు నడిపించే ఆటలు ఎన్నో వచ్చాయి. ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత గౌరవంగా ఆటగాడి తెలివిని నమ్మిన సన్నివేశం నాకు ఇంకోటి గుర్తు రాదు.

ఇక దారి. ఎవరిని అడిగినా మాటల్లోనే చెప్తారు. వంతెన దాటు, కోట వచ్చాక తూర్పుకు తిరుగు, రెండు కొండల మధ్య సందు కనపడుతుంది, అక్కణ్ణుంచి పాత శిథిలం దూరం కాదు. మన పల్లెల్లో రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన దారి చెప్పే తీరూ ఇదే. ఎంత దూరమో లెక్క ఉండదు, గుర్తులు మాత్రం తప్పవు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ దారి ఎలాంటిదో, నీళ్ళూ సరుకులూ ఎక్కడ దొరుకుతాయో రాసుకుంటూ పోయారు. అలా రాయాలంటే ముందు అలా చూడాలి. మారోవిండ్ దినచర్య పుస్తకం మనచేత చేయించేదీ అదే. విన్న దారి అందులో పడుతుంది, తప్పిపోయినప్పుడు తీసి చదువుకోవాలి. ఆ పుస్తకం పెట్టిన తీరు మాత్రం క్షమించదగ్గది కాదు. మొదట వచ్చినప్పుడు ఏ పని ఎక్కడుందో వేరుచేసే వీలు లేదు, అన్నీ తేదీల వరసలో కలగాపులగంగా పడి ఉండేవి. పనుల వారీగా చూసుకునే వీలు తర్వాత ట్రిబ్యునల్ అనే అనుబంధంతో వచ్చింది. దారి మాటల్లో చెప్పడం మొదటి రకం ఇబ్బంది. ఆ మాటలు వెతుక్కోవడానికి వందల పుటలు తిప్పించడం రెండో రకం. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఉన్నంత మాత్రాన రెండింటినీ కలిపి మెచ్చుకోనక్కర్లేదు.

బాల్మోరా ఒడై నది ఒడ్డున మట్టిరంగు గోడల ఊరు. హ్లాలు వంశంవాళ్ళ వ్యాపార కేంద్రం. ఇక్కడి స్థానికులైన డన్మర్‌లది బూడిదరంగు ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, గీరుకుపోయిన గొంతు. పలకరింపులోనే మనం పరాయివాళ్ళమని తెలియజేస్తారు. పొట్లం అందుకోవాల్సిన కొసేడిస్ ఊరి ఈశాన్యపు కొసన ఒక్క గది ఇంట్లో, చొక్కా లేకుండా, మంచం పక్కన మత్తు సామాను పెట్టుకొని కనిపిస్తాడు. చక్రవర్తి గూఢచారుల పెద్ద అతనే. కథ ఇక్కడ ఉరుకుతుందనుకుంటాం. అతను 200 నాణేలు చేతిలో పెట్టి, ఇలా వెళ్తే బతకవు, ఏదో ఒక సంఘంలో చేరు, దేశం తెలుసుకో, అప్పుడు రా అంటాడు. లోకం తగలబడుతోంది, పరుగెత్తు అని తొందరపెట్టి, ఆ మాట మర్చిపోయి మనం పూలు ఏరుకుంటూ తిరుగుతుంటే చూస్తూ ఊరుకునే ఆటలే ఎక్కువ. ఈ ముసలాయన సలహా ఆటగాడి తిరుగుబోతుతనాన్ని కథలోకి చేర్చుకుంటుంది. తీరిగ్గా తిరగడం ఇక్కడ పని ఎగ్గొట్టడం కాదు, పెద్దాయన చెప్పిన పనే.

ఈ ఊరి మర్యాదలు అంకెల్లో నడుస్తాయి. ప్రతి మనిషికీ మన మీద నూటికి ఇంత అని ఇష్టం ఉంటుంది. మన జాతి, మన సంఘం, మనకున్న పేరు, ఒంటి మీది జబ్బు, చేతిలో దూసిన కత్తి అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. కత్తి ఒరలో పెట్టి మాట్లాడితే ముఖం కొంచెం విప్పారుతుంది. ఇది బాగుంది. ఆ ఇష్టాన్ని పొగడ్త మీటను వరసగా నొక్కి పెంచుకోవచ్చు, లంచంతో కొనుక్కోవచ్చు. ఇది అంత బాగా లేదు. అంతకంటే పెద్ద దెబ్బ మాటల దగ్గర తగులుతుంది. బాల్మోరా గురించి వడ్రంగిని అడిగినా, సైనికుణ్ణి అడిగినా, తాగుబోతును అడిగినా అక్షరం మారని అదే పేరా వస్తుంది. పగలూ రాత్రీ వాళ్ళు నిలబడ్డ చోటు నుంచి పెద్దగా కదలరు, అన్నం తినరు, నిద్రపోరు, దీవి మొత్తంలో ఒక్క పిల్లవాడు కనపడడు. ఆ రోజుల యంత్రాల శక్తి అంతే అనేవాళ్ళు ఉన్నారు. అది కారణం చెప్పడం అవుతుంది గానీ తప్పును మాపదు. దారి అడగక తప్పని దీవిని కట్టి, అడిగినవాళ్ళందరి నోటా ఒకే విజ్ఞానసర్వస్వం పలికిస్తే ఆ దీవి తన పునాదినే తను తవ్వుకున్నట్టు. ఈ ఆటకున్న అసలైన లోపం నా లెక్కలో ఇదే, పోరాటం కాదు.

తిండి సంగతికి వస్తే, దీవి వంటగది దీవిలాగే వింతగా, పొందికగా ఉంటుంది. చుట్టుపక్కల గనుల్లో బొగ్గో బంగారమో తవ్వరు, గుడ్లు తవ్వుతారు. క్వామా అనే పురుగులు నేల కింద చీమల్లా పుట్టలు పెడతాయి. లోపల రాణి, పనివాళ్ళు, కాపలాగాళ్ళు, వాటి మధ్యన నడుస్తూ గుడ్లు ఏరే గని కూలీలు. వాటి పిల్ల పురుగుల ఎండు మాంసం, బూడిదనేలలో పండే దుంపలు, నీటి ఒడ్డున పెరిగే సాల్ట్‌రైస్ అనే పంట, దాని నుంచి కాచే మజ్తే, దానికంటే ఘాటైన సుజమ్మా. సుజమ్మా తాగితే బలం పెరిగి తెలివి తగ్గుతుంది. ఒక్క పురుగు చుట్టూ గని, కూలి, వ్యాపారం, వంశాల తగాదా అల్లుకున్న తీరు చూస్తే ఈ దేశాన్ని కట్టినవాళ్ళు మొదట కడుపు గురించి ఆలోచించారని తెలుస్తుంది. ఆటలో ఆకలిని తప్పనిసరి చేయలేదు గనక ఆ తిండిని తినాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. గుడ్లన్నీ సంచిలో మందుల సరుకుగా మిగులుతాయి. చూడడానికి ఇంత వడ్డించి రుచి చూసే అవసరం పెట్టకపోవడం చిన్న నష్టం కాదు.

బాల్మోరా నుంచి తూర్పున ఆర్కంథాండ్ శిథిలానికి పంపే పని దగ్గర ఆట బలమూ బలహీనతా పక్కపక్కనే నిలబడతాయి. మూన్‌మోత్ కోట దాటాక ఫొయాడా మమేయా అనే లోయ అడ్డొస్తుంది. దీవి మధ్యనున్న ఎర్రకొండ అనే అగ్నిపర్వతం నుంచి లావా పారి ఎండిన కాలువ అది. దాని మీద, ఒక్కసారిగా మాయమైపోయిన డ్వెమర్ జాతి కట్టిన వంతెన. దాటి కొండెక్కితే తలుపు ఉంటుంది గానీ తెరుచుకోదు. పక్కన రాళ్ళ మధ్య ఒక గొట్టానికి ఉన్న పిడి తిప్పాలి. ఎవరైనా చెప్పిన మాట గుర్తుండాలి, లేదా కళ్ళు తెరిచి వెతకాలి. లోపల కావలసిన పెట్టె అరచేతిలో పట్టేంతది, ఒక అర మీద మిగతా సామానులో కలిసి ఉంటుంది. ఇదంతా శ్రద్ధకు ప్రతిఫలం. అయితే లోపలున్న దొంగలతో తలపడితే కత్తి వాళ్ళ ఒంట్లోంచి దూసుకుపోయినట్టు కళ్ళకు కనిపిస్తుంది, దెబ్బ మాత్రం తగలదు. దెబ్బ తగిలిందా లేదా అన్నది లోపల పాచికలు తేలుస్తాయి. పరుగెత్తి అలిసి ఉంటే ఆ పాచిక ఇంకా ఎదురు తిరుగుతుంది. కాగితం మీద ఆడే పాత ఆటల నుంచి వచ్చిన పద్ధతి ఇది. బల్ల చుట్టూ కూర్చొని ఊహించుకునేటప్పుడు కత్తి తప్పిందంటే నమ్ముతాం. కళ్ళ ముందు తగిలిన కత్తిని తగల్లేదంటే నమ్మలేం. ఈ పద్ధతిని లోతైనదని సమర్థించేవాళ్ళ మాటలో కొంత నిజం ఉంది: చేతకానివాడు చేతకానివాడిలా పోరాడాలి, నేర్చుకున్నకొద్దీ తేడా తెలియాలి. ఆ ఉద్దేశం మంచిదే. ఎదుటివాడు పక్కకు తప్పుకున్నట్టో, కత్తి డాలుకు తగిలి జారినట్టో చూపించి ఉంటే ఆ ఉద్దేశం బతికేది. చూపించలేదు గనక కళ్ళను నమ్మొద్దని ఆటే చెప్పినట్టవుతుంది, కళ్ళను నమ్మి నడవాల్సిన దీవిలో.

ఉత్తరంగా పోయేకొద్దీ పచ్చదనం పోయి బూడిదనేల వస్తుంది. ఆల్డ్‌రూన్‌లో రెడోరన్ వంశం పెద్దలు స్కార్ అనే చోట ఉంటారు. ఎప్పుడో చచ్చిన బ్రహ్మాండమైన పీత డొల్ల అది, లోపల ఇళ్ళు వేలాడే వంతెనలతో కలిసి ఉంటాయి. బూడిద తుఫాను లేచినప్పుడు ఎదురుగాలికి నడక నెమ్మదిస్తుంది, నాలుగు బారల అవతల ఏమీ కనపడదు. నడిచేవాళ్ళు చెయ్యి అడ్డుపెట్టుకొని కళ్ళు కాపాడుకుంటారు. ఈ ఊరివాళ్ళకు మాటపట్టింపు, పరువు ఎందుకంత ముఖ్యమో ఆ గాలిలో నిలబడితే అర్థమవుతుంది. ఇక్కడే క్లిఫ్ రేసర్ల గురించీ చెప్పాలి. తోక పొడవాటి ఎగిరే జంతువులు, దారి పొడవునా అరుస్తూ వెంటపడతాయి. ఒకదాన్ని చంపేలోపు ఇంకోటి వస్తుంది. కొండవైపు తల ఎత్తి చూడాలన్న కోరికనే అవి చంపేస్తాయి. రెండో రకం లోపానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కట్టినవాళ్ళూ దీన్ని ఒప్పుకున్నారనే అనుకోవాలి. మొదట్లో ఓడలో మన పేరు అడిగిన జియుబ్ అనే ఖైదీ తర్వాతి ఆటల కథలో సాధువయ్యాడు, ఈ రేసర్లను దీవి నుంచి తరిమికొట్టిన పుణ్యానికి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి దూరాల గురించి ఆలోచించాలి. ఇప్పుడు లెక్కేస్తే ఈ దీవి చిన్నది. చాలా ఓపెన్ వరల్డ్ ఆటలు దీన్ని ఒక మూలన పెట్టేంత పెద్దవి. అయినా తిరిగొచ్చినవాళ్ళకు ఇది పెద్ద దేశంగా గుర్తుంటుంది. అందుకు ఒక కారణం పొగమంచు. 2002 నాటి కంప్యూటర్లు దూరాన్ని గీయలేవు గనక కొద్ది దూరం దాటితే తెల్లటి తెర దించారు. ఆ తర్వాత ఔత్సాహికులు రాసిన ప్రోగ్రాములతో ఆ తెర తీసేస్తే గుట్ట ఎక్కినవాడికి రెండు మూడు ఊళ్ళు ఒకే చూపులో పడతాయి. ఎక్కడో ఉందనుకున్న ఎర్రకొండ పక్కనే ఉన్నట్టుంటుంది. రెండో కారణం నడక. మొదట్లో మన పాత్ర నెమ్మదిగా నడుస్తుంది, అది విసుగు పుట్టిస్తుందన్నది నిజం. నడక, మంచు, వంకర లోయలు, మాటల్లో చెప్పిన దారి, ఇవన్నీ కలిసి కిలోమీటరును సాగదీస్తాయి. ఇదంతా పాతకాలపు మోజు, చిన్నప్పుడు ఆడినవాళ్ళ మమకారం అని కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు. మమకారం అయితే దీనిలోని అన్ని లోపాలనూ ఒకేలా కప్పాలి. పాచికల పోరాటాన్నీ, రేసర్లనూ తిట్టేవాళ్ళే మాటల దారిని మెచ్చుకుంటారు. మమకారం అలా ఏరి పట్టుకోదు. ఇబ్బందే గొప్పదనమైతే కష్టమైన ఆటలన్నీ గొప్పవేనా అని ఇంకో ప్రశ్న. కావు. కష్టం దేనివైపు చూపు తిప్పిస్తుందన్నదే ఇక్కడ కొలత.

కథ మధ్యలో ఉర్షిలాకు అనే సంచార తెగ దగ్గరికి వెళ్ళాలి. దీవిలో మిగిలిన ఊళ్ళవాళ్ళు వాళ్ళను అనాగరికులంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు ఆల్డ్‌రూన్ సత్రంలో ఉండే హస్సూర్ జైన్‌సుబానీ అనే వర్తకుణ్ణి కలవాలి, అతను ఆ తెగల నుంచి వచ్చినవాడే. ఊరికే అడిగితే చెప్పడు. ముందు ఊళ్ళో విచారించి అతనికి కవిత్వం ఇష్టమని తెలుసుకొని, ఒక పుస్తకం కానుకగా తీసుకెళ్ళాలి. ఆ కానుకే మొదటి పాఠం. తెగవాళ్ళ దగ్గర పరాయివాడు అనుమతి లేకుండా పెద్దల గుడారంలో అడుగుపెట్టకూడదనీ, కానుక ఎదుటివాడి మనసెరిగి ఇవ్వాలనీ ఆ తర్వాత చెప్తాడు. అక్కడికి దారీ అలాగే, లోయ వెంట సముద్రం దాకా పోయి, విరిగిన ఓడ కనపడ్డాక తీరం పట్టుకోవాలి. గుడారాల దగ్గరికి చేరేసరికి మర్యాద, దారి రెండూ ఒకే పద్ధతిలో నేర్చుకున్నవే అవుతాయి, ముందు విని తర్వాత అడుగు వేసి. ఈ తెగల నమ్మకం ప్రకారం చనిపోయిన వీరుడు నెరెవార్ తిరిగి పుడతాడు, అతను మనమే కావచ్చు. ఆట ఆ మాటను తేల్చి చెప్పదు. ఏ జబ్బూ సోకనివాడని జోస్యం. ఆ లక్షణం ఎలా వస్తుందంటే, కార్ప్రస్ అనే ఘోరమైన రోగం తగిలి, ఒక ముసలి మాంత్రికుడి మందుకు ఒళ్ళు బతికి, ఇక ఏ జబ్బూ అంటని స్థితి వస్తుంది. పుట్టుకతో వచ్చిన వరమా, పరిస్థితులు కుదిరిన తీరా? ఆ తర్వాతి గుహలో మనకంటే ముందు ఇదే జోస్యాన్ని నమ్మి ఓడిపోయినవాళ్ళ ఆత్మలు వరసగా నిలబడి తమ కథలు చెప్తాయి. ఎంపికైన వీరుడి కథలు ఈ రంగంలో కోకొల్లలు, ఆ ఎంపికనే ఇంత గంభీరంగా ప్రశ్నించినవి తక్కువ.

దక్షిణాన వివెక్ నగరం. నీళ్ళ మీద మెట్లుమెట్లుగా లేచిన రాతి కట్టడాల వరస, మధ్య కాలువల్లో పడవలు, పైన గాలిలో ఆగిపోయిన ఒక కొండంత రాయి. ఆకాశం నుంచి పడుతున్న ఆ రాయిని ఈ నగరం దేవుడు తన శక్తితో ఆపాడట, లోపల తొలిచి చెరసాల చేశారు. దూరం నుంచి ఈ దృశ్యం ఎంత గొప్పదో, లోపల నడక అంత నీరసం. కట్టడం నుంచి కట్టడానికి అవే వసారాలు, అవే తలుపులు, అదే దీపం. దారి తప్పడం ఇక్కడ నేర్పేదేమీ లేదు, కుడిచేతి తలుపూ ఎడమచేతి తలుపూ ఒకటే అయినప్పుడు గుర్తు పట్టడానికి ఏముంటుంది? ఈ నగరం నుంచి మొదలయ్యే తీర్థయాత్రలు మాత్రం నాకు ఈ ఆట మొత్తంలో అన్నింటికంటే నచ్చినవి. గుడివాళ్ళు ఏడు క్షేత్రాలు చూసి రమ్మంటారు. అమాయా సరస్సు ఒడ్డున కుమ్ము పొలాల్లో ఒక చిన్న రాతి గుర్తు ఉంటుంది. గ్వార్ అనే బరువులు మోసే జంతువు చచ్చిపోయి ఏడుస్తున్న రైతు కోసం దేవుడే బురదలో దిగి దాని పని చేశాడని కథ. అక్కడ నైవేద్యం పిడికెడు బురద. చుట్టూ చూస్తే పొలం పొలంలాగే ఉంటుంది, గాలి వీస్తుంది, రైతులు లేరు, అద్భుతం ఏమీ జరగదు. భక్తి ఎక్కడ ఉందో ఆ ఖాళీలో వెతుక్కోవడం మన పని. ఇంకో మొక్కులో ఉత్తరాన డాగన్ ఫెల్ దగ్గరి శాంక్టస్ క్షేత్రానికి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళాలి. పడవవాణ్ణి పిలిచినా మౌనం భంగమైనట్టే గనక ఏ వాహనమూ ఎక్కలేం. అడుగడుగునా అడిగి నడవమన్న దీవి ఇక్కడ అడగకుండా నడవమంటుంది. అప్పటిదాకా విన్నదీ చూసిందీ ఎంత మన సొంతమైందో అది పరీక్షిస్తుంది.

తూర్పు తీరంలో టెల్వాన్ని వంశపు మాంత్రికులు తాము మొలిపించిన పుట్టగొడుగుల బురుజుల్లో కాపురం ఉంటారు. సాడ్రిత్ మోరాలో పరాయివాడు ముందు సత్రంలో ఆతిథ్య పత్రం కొనుక్కోవాలి, లేకపోతే ఊళ్ళో వర్తకులు మాట్లాడరు. మాంత్రికుల గదులకు మెట్లు ఉండవు, గాలిలో తేలగలిగినవాడే అతిథి. సురాన్‌లో, టెల్ ఆరూన్‌లో మనుషులను అమ్మే సంతలున్నాయి, బల్లి రూపం, పిల్లి రూపం మనుషులు బోనుల్లో ఉంటారు. ఆట ఈ ఘోరాన్ని చూపిస్తుంది, రహస్యంగా విడిపించే గుంపు ఉందని చెప్తుంది, తాళంచెవి దొరికితే మనమూ విడిపించవచ్చు. అయితే విడుదలైన మనిషి ఒక్క మాట చెప్పి కనపడకుండా పోతాడు. ఇంత పెద్ద అన్యాయాన్ని పెట్టి దాని మీద ఊళ్ళో ఏ కదలికా చూపించకపోవడం నాకు మింగుడుపడని సంగతి. పరాయివాళ్ళను ఈసడించే ఈ డన్మర్‌లు 2011 నాటి స్కైరిమ్‌లో శరణార్థులుగా కనిపిస్తారు. ఎర్రకొండ పేలి దీవి నాశనమయ్యాక విండ్‌హెల్మ్ నగరంలో ఇరుకు వాడలో ఉంటూ అక్కడివాళ్ళ ఈసడింపు పడతారు. ఆ వాడలో నిలబడ్డ ఆటగాడికి వార్డెన్‌ఫెల్ తెలిసి ఉంటే ఆ దృశ్యం రెండింతలు బాధిస్తుంది.

మాంత్రికుల పుట్టగొడుగు బురుజుల దగ్గరే ఆట పట్టు సడలుతుంది కూడా. గాలిలో తేలే మంత్రం చేతికొచ్చాక లోయలూ వంతెనలూ అర్థం కోల్పోతాయి. తెలివిని పెంచే మందు తాగి, ఆ తెలివితో ఇంకా గట్టి మందు కాచుకుంటూ పోతే ఆటలో దేనికీ బెదరనక్కర్లేదు. ఇంత స్వేచ్ఛ ఇచ్చి దీవిని తనంత తనే చిన్నది చేసుకుందని ఆక్షేపించవచ్చు, ఆ ఆక్షేపణ న్యాయమైనదే. సమాధానంగా ఒకటి చెప్పగలను: ఆ శక్తిని ఎవరూ ఇవ్వరు, ఎన్నో దారుల్లో నడిచి, ఎన్నో ఆకులు ఏరి, ఎందరినో అడిగి సంపాదించుకోవాలి. అప్పటికి నేల ఎలా ఉంటుందో కాళ్ళకు తెలుసు గనక పైనుంచి చూసినప్పుడు గుర్తుపట్టగలం. ఎగరడం తీసేసిన ఆబ్లివియన్‌లో, ఎక్కడికెళ్ళినా శత్రువులు మన స్థాయికి తగ్గట్టే పెరిగేలా చేశారు. దాంతో దారిదొంగలు సైతం గాజు కవచాలు వేసుకొని తిరిగారు. అక్కడ లోకం మనల్ని అనుసరిస్తుంది. వార్డెన్‌ఫెల్‌లో చాలా చోట్ల లోకం తన చోటే ఉంటుంది, చాలనప్పుడు వెనక్కి వచ్చి మళ్ళీ పోవాలి.

చివరి మజిలీ ఎర్రకొండ. దాని చుట్టూ చనిపోయిన పెద్దల ఎముకల, ఆత్మల బలంతో నిలబెట్టిన కంచె, దానికి ఒకే ద్వారం. లోపల కథలోని ప్రధాన శత్రువు డాగోత్ ఊర్ ఎదురైనప్పుడు వెంటనే కత్తి దూయడు. నువ్వు నిజంగా నెరెవార్‌వేనని నమ్ముతున్నావా అని అడుగుతాడు, మనం ఎంచుకున్న సమాధానం వింటాడు. పరాయి దొరలను తరిమి దేశాన్ని తన జాతికి ఇవ్వాలన్న అతని వాదనలో మనం దీవి పొడవునా విన్న ఫిర్యాదులే ఉంటాయి. ఆ ఫిర్యాదులు నిజం, అతను ఎంచుకున్న మార్గం రోగం. ఈ చిక్కును విప్పకుండా వదిలేసినందుకు రాసినవాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది. ఆ తర్వాతి పోరాటం గందరగోళంగా, గుహల మధ్య పరుగులతో ముగుస్తుంది, ఆ మాటల ముందు వెలవెలబోతుంది. ఒకవేళ ఈ దారిలో కథకు కీలకమైన మనిషిని మనమే చంపేసినా ఆట ఆపదు. జోస్యం తెగిపోయిందని హెచ్చరించి, కావాలంటే పాత సేవ్‌కు వెళ్ళు, లేదా ఈ పాడైన లోకంలోనే కొనసాగు అని వదిలేస్తుంది.

ఇప్పుడు ఈ దీవికి కొత్తగా వెళ్ళేవాళ్ళకు మంచి సాధనాలున్నాయి. ఓపెన్‌ఎండబ్ల్యూ పేరుతో ఔత్సాహికులు ఆట యంత్రాంగాన్ని మళ్ళీ మొదటి నుంచి రాసి ఉచితంగా పెట్టారు, అసలు ఆట కొనుక్కొని ఉంటే కొత్త కంప్యూటర్ల మీద నిలకడగా నడుస్తుంది. దెబ్బ కనపడ్డట్టే తగిలేలా పోరాటాన్ని మార్చే మాడ్‌లున్నాయి, రేసర్ల సంఖ్య తగ్గించేవి ఉన్నాయి. వాటిని మొదటి రోజే పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, అవి సరిచేసేవి రెండో రకం లోపాలు. మంచు తెరను మాత్రం దీవి ఒక చుట్టు తిరిగేదాకా తీయకపోతే మంచిది. పటం మీద గుర్తులు పెట్టే మాడ్‌లను అసలే ముట్టుకోకూడదు. ట్యామ్రియెల్ రీబిల్ట్ బృందం ఆట వచ్చిన రోజుల నుంచీ దీవి అవతలి ప్రధాన భూభాగాన్ని ముక్క ముక్కగా కడుతూ వస్తోంది. వాళ్ళు కొత్తగా కట్టిన ఊళ్ళలోనూ దారి మాటల్లోనే చెప్తారు.